లెఫ్ట్ రైట్ సరే... ఎటు నడిపిస్తున్నారు?

(ఆదివాసీ యువజన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన నెల ఒక తమ్ముడు నన్ను దారిలో ఆపి అడిగాడు. "అన్నా, స్టేషనోళ్లు మా ఊరొచ్చారు. పొద్దున్నే పరుగు, డ్రిల్లు నేర్పిస్తారంట. బూట్లు ఇస్తారంట, తిండి పెడతారంట. సెలెక్షన్లకి కోచింగ్ కూడా వాళ్లే ఇప్పిస్తారంట. పోవాలా, వద్దా?" వాడికి ఇంకా పదహారు నిండలేదు. వాళ్లమ్మ పక్కనే ఉంది. ఆమె ఒక్క మాటే అంది: "బూట్లు ఇచ్చేటోళ్లు ఊరికే ఇస్తారా బాబూ?"

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పో అంటే ఒక భయం, వద్దంటే ఇంకో భయం. ఆ జవాబు ఇవాళ మీ అందరి ముందు చెబుదామని వచ్చాను.

ముందే చెప్తున్నా, నేను కూడా యూనిఫాం వేసుకున్నవాణ్నే. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో ఉన్నా. ఖాకీ బట్టలకి గంజి పెట్టుకుని, బెల్టు బకిల్ మెరిసేదాకా తోముకుని పోయేవాళ్లం. నిజం చెప్పాలంటే పరేడ్ అయ్యాక ఇచ్చే అరటిపళ్లు, సమోసా కోసమే సగం మంది వచ్చేవాళ్లం. కానీ నలుగురి ముందు తల ఎత్తి గట్టిగా మాట్లాడటం నాకు అక్కడే అలవాటైంది. అందుకని డ్రిల్లు చేస్తే పిల్లలు పాడైపోతారని నేను అనను.

కానీ ఎన్‌సీసీకి ఒక చట్టం ఉంది, 1948లో చేశారు. క్యాడెట్ అయినంత మాత్రాన ఎవరినీ యుద్ధానికి పంపే బాధ్యత కింద పెట్టకూడదని ఆ చట్టంలోనే రాశారు. పిల్లవాడు బడిలోనే ఉంటాడు, చదువు ఆగదు. సైనిక్ స్కూళ్లు చూడండి, 1961లో మొదలయ్యాయి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది. ఆరో తరగతిలో పిల్లల్ని తీసుకుని ఇంటర్ దాకా చదివించి, ఆఫీసర్ పరీక్షకి తయారు చేస్తారు. అంటే అక్కడ చదువు ముందు, తుపాకీ తర్వాత.

ఇప్పుడు గోదావరి, శబరి దాటి అవతలికి వెళ్దాం. బస్తర్‌లో 2005లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబెట్టి జనాన్ని క్యాంపులకి తోలారు. ఆ క్యాంపుల్లో ఉన్న పిల్లగాళ్లకే స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అని పేరు పెట్టి తుపాకులిచ్చారు. నెలకి 3,000 రూపాయలు. రెండు నెలల శిక్షణ. ఐదో తరగతి పాసైనవాళ్లకి ప్రాధాన్యం ఇస్తామన్నారు. అంటే ఆ ఉద్యోగానికి ఐదో తరగతే పెద్ద చదువన్నమాట! పేరులో మాత్రం ఆఫీసర్.

వాళ్లలో పద్దెనిమిది నిండని పిల్లలు ఉన్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో ఊరూరా తిరిగి నివేదిక రాసింది. వయసు కాగితాలు లేకపోవడం వల్ల పొరపాటు జరిగిందని అధికారులు చెప్పుకున్నారు. అదే నివేదిక రెండో వైపు సంగతి కూడా చెప్పింది. మావోయిస్టులు ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని బాల సంఘాల్లో పెట్టారు. పోలీసులు ఎటు వస్తున్నారో చూసి చెప్పడం పిల్లల పనైంది. కొంచెం పెద్దయ్యాక దళాల్లోకి తీసుకున్నారు. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుందని తెలుసు. కానీ అటువాళ్లు తీసుకెళ్లినా ఇటువాళ్లు తీసుకెళ్లినా ఆ పిల్లగాడు మన గూడెం పిల్లగాడే. రెండు వైపులా అడవిలో ముందు నడిచింది మనవాళ్లే. ఒకడు దారి చూపిస్తే ఇంకొకడు తన చుట్టాన్నే గుర్తుపట్టి చూపించాల్సొచ్చింది.

2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పది. చదువు సరిగ్గా అందని ఆదివాసీ యువకులకి అరకొర శిక్షణ ఇచ్చి, అతి ప్రమాదకరమైన పనిలో ముందు నిలబెట్టడం రాజ్యాంగం 14, 21 అధికరణాలకి విరుద్ధమని చెప్పింది. అప్పటికి 6,500 మంది ఎస్పీవోలు. 173 మంది చనిపోయారని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే కోర్టుకి చెప్పింది. తీర్పు తర్వాత ఏం జరిగింది? అదే ఏడాది ఆ ప్రభుత్వం ఇంకో చట్టం చేసి, సహాయక బలగం అని కొత్త పేరు పెట్టి వాళ్లని అందులోకి తీసుకుంది.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. ఆ మంటల నుంచి పారిపోయి వచ్చినవాళ్లే మన భద్రాచలం, ములుగు, చింతూరు అడవుల్లో గుడిసెలేసుకున్న గొత్తికోయలు. ఆ కుటుంబాల పిల్లలు కొందరు ఇవాళ ఇక్కడ మన మధ్యనే కూర్చున్నారు. తుపాకీ చేతికొస్తే ఊరు ఏమవుతుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఇక ఉద్యోగాల మాట. "అన్నా, కబుర్లు సరే, బతుకు ఎట్లా?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 గుర్తుందా? షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని చెప్పిన జీవో. దాని వల్లే మన గూడేల్లో మన భాష తెలిసిన పంతుళ్లు, పంతులమ్మలు వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బడి వైపు దారి ఇరుకైంది, బూట్ల వైపు దారి మాత్రం వెడల్పుగా కనపడుతోంది. మన పిల్లలకి యూనిఫాం మీద మోజు ఎందుకొస్తుందో వేరే చెప్పాలా?

2022లో వచ్చిన అగ్నిపథ్ లెక్క కూడా చూడండి. పదిహేడున్నర ఏళ్ల నుంచి తీసుకుంటారు. నాలుగేళ్లు పనిచేస్తే, అందులో 25 శాతం మందికే సర్వీసులో కొనసాగే అవకాశం. మిగతావాళ్లకి సుమారు 11 లక్షల 70 వేలు చేతికిస్తారు, పెన్షన్ ఉండదు. పోవద్దని నేను చెప్పను, ఆ డబ్బు మన ఇళ్లకి చిన్నదేమీ కాదు. కానీ ఇరవై రెండేళ్లకి ఇంటికి తిరిగొస్తే చేతిలో ఏ చదువు ఉంటుందో పోకముందే లెక్కేసుకోండి. చదువు ఆపకుండా పోవడం వేరు, చదువు వదిలేసి పోవడం వేరు.

ఇప్పుడు ఆ తమ్ముడికి నా జవాబు. ఎవరు శిక్షణకి పిలిచినా, స్టేషన్ అయినా, సంఘం అయినా, అడవిలోంచి వచ్చిన అన్నలైనా, నాలుగు ప్రశ్నలు అడుగు.

ఒకటి, నా వయసు ఎంతో మీకు తెలుసా? పద్దెనిమిది నిండకుండా ఎవరినీ యుద్ధ ప్రాంతానికి పంపమని మన దేశం 2005లో ఐక్యరాజ్యసమితికి రాసిచ్చింది. ప్రభుత్వం కాని సాయుధ గుంపులు పిల్లల్ని చేర్చుకుంటే ఏడేళ్ల దాకా జైలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. అందుకే అమ్మానాన్నలు పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్ తీయించండి. బస్తర్‌లో ఆ ఒక్క కాగితం లేకనే పద్నాలుగేళ్లవాడు కూడా పెద్దవాడి లెక్కలో పడిపోయే వీలు దొరికింది.

రెండు, బడి టైములో పిలుస్తారా? పిలిస్తే వద్దు. పొద్దున పరుగెత్తి ప్రేయర్‌కి బడిలో ఉండగలిగితేనే పో.

మూడు, పరుగు, డ్రిల్లు కాక ఇంకేమైనా అడుగుతున్నారా? "మీ ఊరికి ఎవరొస్తున్నారు, ఎవరింట్లో తింటున్నారు" అని అడిగిన రోజు అది శిక్షణ కాదు. ఆ మాట చెప్పినా ప్రమాదమే, చెప్పావని ఎవరైనా అనుకున్నా ప్రమాదమే. ఇన్ఫార్మర్ అన్న ఒక్క ముద్రతో మన ఊళ్లలో ఎన్ని ప్రాణాలు పోయాయో మీకు తెలియనిది కాదు.

నాలుగు, ఇష్టం లేకపోతే మానేయొచ్చా? మానేస్తే మా ఇంటికి ఎవరూ రారు కదా? ఈ ప్రశ్నకి జవాబు గ్రామసభలో, పెద్దల ముందు చెప్పించు.

ఈ నాలుగింటికి మంచి జవాబు వస్తే పో తమ్ముడూ. పరుగెత్తు, ఈత నేర్చుకో, మ్యాప్ చదవడం నేర్చుకో, సెలెక్షన్ కొట్టు. ఒక్కదానికి నీళ్లు నమిలినా ఆ బూట్లు అక్కడే విప్పేసి ఇంటికి రా.

పెద్దలకి, సంఘం నాయకులకి కూడా ఒక మాట. వద్దు అని చెప్పడం తేలిక. మన ఊళ్లలో ఒక గ్రౌండు, పొద్దున నేర్పించే ఒక పీఈటీ, సాయంత్రం చదువుకోవడానికి ఒక లైబ్రరీ, లెక్కలు ఇంగ్లీషు చెప్పే ఇద్దరు టీచర్లు కావాలని ఐటీడీఏ ముందు మనం ఎన్నిసార్లు కూర్చున్నాం? భూమి కోసం కూర్చున్నాం, పోడు పట్టాల కోసం కూర్చున్నాం. పిల్లల గ్రౌండు కోసం నేనైతే ఒక్కసారి కూడా కూర్చోలేదు. మనం ఇవ్వనిది వేరేవాళ్లు ఇస్తామంటే పిల్లలు పోతారు. తప్పు వాళ్లది కాదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. బూట్లు ఊరికే ఇస్తారా? వచ్చే గ్రామసభలో ఆమెతోనే ఆ ప్రశ్న అడిగిద్దాం. పక్కన మనం నిలబడదాం.

జై ఆదివాసీ!