కాగితం మీద పెట్టని లెక్క

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాష్టారు పగలు హైస్కూల్లో పాఠాలు చెప్పి, రాత్రి లాంతరు ముందు కూర్చుని పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించారు. అందుకే ఈ సాయంత్రం చదువురాని ఒక తల్లి కొడుకు గురించి మాట్లాడతాను. అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ పి. జోన్స్.

ఆయన 1950లో వాషింగ్టన్‌లో పుట్టారు. వాషింగ్టన్ అనగానే మనకు వైట్‌హౌస్ కళ్ళముందు మెదులుతుంది. ఆయన పెరిగింది నల్లవాళ్ళ అద్దె గదుల వాషింగ్టన్‌లో. తల్లి హోటళ్ళలో అంట్లు తోమి, గదులు శుభ్రం చేసి పిల్లల్ని సాకింది. కొడుక్కి 18 ఏళ్ళు వచ్చేసరికి 18 ఇళ్ళు మారారు. ఆయన కథల్లో మనుషులకు వీధి పేరు, ఇంటి నంబరు అంత పట్టింపుగా ఉండటానికి కారణం ఇదేనని నా ఊహ.

1992లో వచ్చిన తొలి సంపుటి 'లాస్ట్ ఇన్ ద సిటీ'. డబ్లిన్ మనుషుల గురించి జాయిస్ రాసిన కథలు చదివి, తన ఊరికీ అలాంటి పుస్తకం కావాలనుకున్నారు. అందులో 'ద ఫస్ట్ డే' నాలుగైదు పేజీల కథ. తల్లి కూతుర్ని బళ్ళో చేర్చడానికి తీసుకెళ్తుంది. దరఖాస్తు చేతికిస్తారు. చదవలేనని, అక్కడున్న ఎవరో ఒకావిడతో చెప్పుకోవాల్సి వస్తుంది. కథ చెబుతున్నది ఆ కూతురే, పెద్దయ్యాక. జాలి పడమని ఎక్కడా అడగదు. నా మటుకు నాకు ఆయన పెద్ద నవల కన్నా ఈ చిన్న కథే ఒక మెట్టు పైన.

ఆ పెద్ద నవల 2003లో వచ్చిన 'ద నోన్ వరల్డ్'. పన్నుల వ్యవహారాల పత్రిక ఒకదానిలో దాదాపు 19 ఏళ్ళు ఉద్యోగం చేస్తూ, పదేళ్ళపాటు దాన్ని తలలోనే అల్లుకున్నారు. కాగితం మీదికెక్కింది పట్టుమని పన్నెండు పేజీలు. ఉద్యోగం పోయాక మిగిలింది కొద్ది నెలల్లో రాసేశారు. పాలవాడి బాకీ, చాకలి పద్దు పొల్లుపోకుండా మనసులో పెట్టుకునే అక్షరం రాని అమ్మల్ని మనమంతా చూశాం. జోన్స్ నవల రాసిన పద్ధతి అదే. 2004లో పులిట్జర్ వచ్చింది.

కథా నాయకుడు హెన్రీ టౌన్సెండ్. తానూ ఒకనాటి బానిసే. వర్జీనియాలో 33 మంది బానిసలకు యజమానిగా చనిపోతాడు. నల్లవాడే నల్లవాళ్ళను కొనుక్కున్న ఈ సంగతి కల్పన కాదు, చరిత్రలో ఉన్నదే. హెన్రీ తండ్రి అగస్టస్ వడ్రంగి. సంపాదించి తనను, భార్యను, కొడుకును కొనుక్కున్నవాడు. ఒకరోజు గస్తీవాడొకడు అతని విడుదల పత్రం లాక్కుని, నమిలి మింగి, అతన్ని మళ్ళీ అమ్మేస్తాడు. ఒక్క కాగితం పోయేసరికి ఊరంతా ఎరిగిన మనిషి సరుకైపోయాడు. ఇదే నవలలో జనాభా లెక్కలు, చరిత్రకారుల మాటలు దర్జాగా వస్తాయి. అవన్నీ జోన్స్ కల్పించినవే, కథ జరిగే కౌంటీతో సహా! నేను మొదటిసారి నిజమే అనుకుని అట్లాసులో వెతికాను.

2006 నాటి కథాసంపుటి 'ఆల్ ఆంట్ హేగర్స్ చిల్డ్రన్'లోనూ తొలి సంపుటిలో లాగే 14 కథలే. అక్కడి ఒక్కో కథకూ ఇక్కడ వరసలో ఒక జోడీ ఉంటుంది. అక్కడ మొదటి కథలో పావురాలు పెంచే మంగలి మైల్స్. ఇక్కడ మొదటి కథ ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో నడుస్తుంది. ఓ రాత్రి పెరట్లో చెట్టుకు వేలాడుతున్న మూట కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి కంటబడుతుంది. మూటలో పసిబిడ్డ. ఆ బిడ్డే మైల్స్.