సాయంవేళ గుర్రం ఫొటో

సోదర పెన్షనర్లారా,

విశాఖ రామకృష్ణా బీచిలో మనవల్ని గుర్రమెక్కించి ఫొటో తీయడం మనకు సరదా. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు ఊరి వెనకాల గుంకుతుంది. అందుచేత రోడ్డువైపు నిలబడి సముద్రం కేసి తీయండి. మిగిలిన వెలుగు పిల్లల ముఖాల మీద పడుతుంది, అలలూ మన కళ్లెదుటే ఉంటాయి.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఆయన, పరుగులో గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేల విడుస్తాయని ఫొటోలతో చూపాడు. అది పట్టపగటి పని. మునిమాపు వెలుగులో పరుగు బొమ్మ అలుక్కుపోతుంది. గుర్రాన్ని నిలిపించి తీయండి. ఫ్లాష్ మాత్రం వద్దు. గుర్రం బెదిరితే, పైనున్నది మన పిల్లవాడు.

చివరగా ఒక్క మాట. గుర్రం అతనితో బేరమాడకండి. అతనికి పెన్షన్ లేదు.