ధింసా ఆడే ఊరు



శీతకాలం రాగానే పిల్లల సెలవులు చూసుకుని అరకు లోయకు బయలుదేరడం మన ఇళ్ళల్లో మామూలైంది. విశాఖపట్నం నుంచి కొండల్ని తొలుచుకుంటూ పోయే ఆ రైలుమార్గాన్ని 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేశారు గాని, మన షికార్ల కోసం కాదు. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించాక ఆ వేడుకే వేరు.

వెళ్ళినవాళ్ళం బొర్రా గుహలు చూస్తాం, బొంగులో వండిన కోడికూర తింటాం, రాత్రి ధింసా చూస్తాం. ఆడవాళ్ళు వరుసగా నిలబడి, వెనకనుంచి చేతులు పెనవేసుకుని, డప్పూ తుడుమూ మోగుతుంటే ఒకే అడుగుగా పాములా మెలికలు తిరుగుతారు. చైత్రమాసపు పండుగకో, పెళ్ళికో ఆడేది అది. ఒక ఊరివాళ్ళు పక్క ఊరికి వెళ్ళి ఆడితే ఆ ఊరివాళ్ళు విందు పెడతారు. మన పేరంటంలాగే ఇచ్చిపుచ్చుకునే మర్యాదన్నమాట. ఇప్పుడది హోటలు ఆవరణలో, భోజనాలకు ముందు కాసేపు. డబ్బు తీసుకుని ఆడటం తప్పని నేననను. మన సంగీత విద్వాంసులు పుచ్చుకోరా ఏమిటి? కానీ అందులో ఆడినవాళ్ళ చేతికి ఎంత వెళుతోందని అడిగేవాళ్ళు మనలో ఎందరు?

అసలు సంగతి భూమి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులో, అక్కడి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది అయితే చట్టం మటుకు ఏం చేస్తుంది చెప్పండి? చేను చేతిలో ఉన్నంతకాలం వచ్చిన అతిథి ఆ ఇంటికి అదనపు ఆదాయం. చేను పోయాక ఆ ఇల్లాలే హోటల్లో గిన్నెలు తోమే కూలి. ఈ రెంటికీ ఉన్న తేడా మన ఆడవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల మధ్య వాళ్ళు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో కరోనాతో షికార్లు ఆగిపోయినప్పుడు హోటలు కూలి ఆగింది గాని, చెట్టుమీది గింజ పండటం మానలేదు.

అన్నట్టు, నవంబరు, డిసెంబరుల్లో పచ్చగా విరగబూసే వలిసె చేలల్లో దిగి ఫొటోలు తీయించుకుంటాం కదా! చేలోకి రానిచ్చినందుకు రైతు నాలుగు రూపాయలు అడిగితే బేరాలాడే మహాతల్లులున్నారు. అవి అలంకారానికి వేసిన పూలు కావమ్మా, నూనెగింజల పంట. తొక్కిన మొక్క గింజ కట్టదు.

ఇక సెలవు.