బీడు పొలంలో కారు పందెం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మాట వదిలి కారు పందేల మాటేమిటని నవ్వుకుంటున్నారు. నవ్వండి. కాని ఆదివారం తెల్లారేసరికి మదనపల్లె-పుంగనూరు రోడ్డు మీద మోటారు సైకిళ్ళ పందెం వేసే పిల్లల్లో మన మనుమలూ ఉన్నారు. ప్రభుత్వం వ్రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే 199-ఏ కింద సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా. ఆ బండి ఎవరి పేర ఉందో ఇంటికెళ్ళి ఆర్.సి. చూసుకోండి.

కేసు సంగతి అటుంచుదాం. నిరుడు మనలో ఒకరి మనుమడు తొడ ఎముక విరిగి ఆరు నెలలు మంచం పట్టాడు.

వద్దంటే మానే వయసా అది? 1978లో కుప్పంలో గుమాస్తాగా ఉంటూ, రైలెక్కి మద్రాసు పోయి షోలవరంలో కారు పందేలు చూశాను. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే అది. మనం రోజూ చూసే ఫియట్లు, అంబాసిడర్లే పరుగెత్తాయి. అన్నం మూటలు కట్టుకుని సంసారాలతో వచ్చారు జనం. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది. అది మనబోటి వాళ్ళ ఖర్చుకు అందేది కాదు.

ఇంగ్లండు పల్లెల్లో ఆటోగ్రాస్ అని ఉంది. రైతు పొలంలో గుండ్రటి బాట, పాత చిన్న కార్లు. అద్దాలు తీసేసి, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగిస్తారు. బెల్టు, హెల్మెట్ తప్పనిసరి. ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే తరగతులు. బాట చిన్నది, నేల వదులు, కాబట్టి తారు రోడ్డంత వేగం రాదు. తండ్రి రెంచీ పడితే కొడుకు స్టీరింగు పడతాడు.

మనకేం తక్కువ? వేరుశనక్కాయ పీకాక బీడుపడే చేలున్నాయి. 2014లో తయారీ ఆగిన మారుతి 800లు షెడ్లలో మూలుగుతున్నాయి. వెల్డింగు పనివాళ్ళు సందుకొకరు. జనాన్ని దూరంగా నిలపాలి, అంబులెన్సు ఉండాలి, బీమా, అనుమతి ఉండాలి. ఇవి లేకుండా నేను ఒప్పుకోను.

కలెక్టరుగారికి అర్జీ రాసి తెచ్చాను. ఉద్యోగమంతా పైవాళ్ళ కోసం రాసిన చేయి, తప్పులుండవు. నాలుగెకరాల చేను ఇవ్వగలవారు, సంతకం పెట్టేవారు భోజనాలకు లేవకముందే నా దగ్గరకు రండి.