తేలిక బండి

బరువైనదే గట్టిదని మన నమ్మకము. ముప్పదియేండ్లు ఇనుప సైకిలుపై బడికి పోయిన నేనును అట్లే నమ్మితిని. ఇటలీలో మిలాను నగరసమీపమునందలి కాంబియాగో గ్రామవాసి ఎర్నెస్తో కొల్నాగో ఆ నమ్మకమును పరీక్షకు పెట్టెను.

1994లో నతడు సి-40 అను పందెపు సైకిలును వెలువరించెను. దాని చట్రము ఉక్కు గాదు. సన్నని కర్బనపు నారలను జిగురుతో గట్టిపఱచిన గొట్టములు. త్రాటికివలె నారకు బలము నిడివియందే గలదు. కావున భారము పడు దిక్కు నెఱిగి నారలను పేర్తురు. త్రొక్కిన బలము చట్రమును వంచుటకు వ్యర్థము గాక చక్రమునకు చేరును.

1995లో ఉత్తర ఫ్రాన్సున పారిస్-రూబే పందెము జరిగెను. 250 కిలోమీటర్లకు మించిన దారి. నడుమ గతుకుల రాతిబాటలు. ఇంత తేలిక బండి యచట నిలుచునా యని శంకించినవారు గలరు. ఫ్రాంకో బాల్లెరీని దానినెక్కియే గెలిచెను.

అయిన నొక హెచ్చరిక. ఉక్కు దెబ్బ తగిలిన సొట్టపడి తెలుపును. కర్బనపు గొట్టమో, పైకి కానరాకయే లోన చీలవచ్చును. పడిన బండిని పరీక్షింపక యెక్కుట ప్రాణాపాయము.

బలము బరువునందు గాక పొందికయందు గలదని యీ బండి తెలుపుచున్నది. కొండ యెక్కుట మాత్రము నేటికిని కాళ్ల పనియే.