పెట్టె అడుగు వార్తలు

(ఢిల్లీ ప్రాంతంలోని మన తెలుగు ఉద్యోగుల కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగం)

వచ్చే నెల రిటైరవుతున్నాను కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు మీటింగుల్లోనే అయిపోయాయి. అందుకని మా అమ్మ ట్రంకుపెట్టె గురించి చెబుతాను.

ఘాజియాబాద్ ఇల్లు ఖాళీ చేస్తూ పోయిన నెల ఆ పెట్టె తెరిచాం. కరీంనగర్ జిల్లాలోని మా ఊరి నుంచి వచ్చిన పెట్టె. ఇల్లు మారినప్పుడల్లా అడుగున కొత్త పేపరు పరవడమే గాని పాతది తీయడం ఆవిడకు అలవాటు లేదు. పొర తర్వాత పొర. సామాను సర్దడం మానేసి నేను పేపర్లు చదువుతూ కూర్చున్నాను. ఎలాగూ రిటైరవుతున్నారు కదా అని మా ఆవిడ ఊరుకుంది.

అన్నిటికంటే అడుగున 1969 జూలై. 19వ తేదీ శనివారం 14 బ్యాంకుల జాతీయీకరణ. సోమవారం తెల్లవారుజామున చంద్రుడి మీద మనిషి. రెండు వార్తలూ పక్కపక్కన కనిపించేసరికి నాకో అనుమానం వచ్చింది. ఈ రెండూ ఎవరైనా కలిపి చదివి ఉంటే? బ్యాంకు లేని చోట బ్యాంకు పెట్టాలన్నారు. చంద్రుడి కంటే బ్యాంకు లేని చోటు ఏముంది? నగరంలో ఒక శాఖ కావాలంటే బ్యాంకుల్లేని నాలుగు ఊళ్లలో తెరవాలని 1977లో రిజర్వు బ్యాంకు నిబంధన కూడా పెట్టింది. కనాట్ ప్లేస్‌లో ఒకటి తెరిచి, చంద్రుడి మీద నాలుగు చూపించి ఉండేవాళ్లం.

ఇక బదిలీలు. ప్రమోషన్ వచ్చినవాళ్లకు మొదటి పోస్టింగ్ అక్కడే. బరువు ఆరో వంతే కాబట్టి చిల్లర సంచులు మోయడం తేలిక. 72 కిలోల నేను అక్కడ 12 కిలోలు, డాక్టరు గారికీ సంతోషం. గాలి లేదు, వోచర్లు ఎగరవు, పేపర్ వెయిట్ల ఇండెంటు అక్కర్లేదు. ఆడిటర్లు మాత్రం ఎలాగైనా వస్తారు. వచ్చి, పేపర్ వెయిట్లు ఎందుకు లేవని రాస్తారు.

చిక్కల్లా టైముతోనే. అక్కడ పగలు దాదాపు 14 రోజులు, రాత్రి మరో 14. అంటే నెలకు ఒకే పని దినం. మా ఆవిడకు ఇది వినిపిస్తే, "సాయంత్రానికి వచ్చేస్తాను అని ఫోనులో చెప్పే మాట అక్కడైతే నిజమయ్యేది, రెండు వారాలు పట్టేది గాని" అంది.

దాని పై పొర 1979 జూలై. స్కైలాబ్. అప్పుడు నాకు 14 ఏళ్లు. ఇక్కడ ఊహించాల్సింది పెద్దగా లేదు, మన ఊళ్లలో జనమే ఊహించేశారు. ఎలాగూ పోతామని మా ఊళ్లో కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు. నేను ఊహించేదల్లా ఆ మర్నాటి ఫీల్డ్ ఆఫీసరు గురించే. అప్పిచ్చి కొనిపించిన మేకలు చూద్దామని వస్తాడు. మేకలేవయ్యా అంటే, "తిన్నం సార్. మీరు ఒక్కరోజు ముందు రాకపోతిరి, మీకూ పెడుదుము." చివరికి స్కైలాబ్ ముక్కలు ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ దగ్గర పడ్డాయి. చెత్త పారేశారని అక్కడివాళ్లు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. అది 2009 దాకా వసూలు కాలేదు, అదీ ఎవరో రేడియో ఆయన చందాలు పోగేసి కట్టాడు. నాసా కూడా మన ఖాతాదారుడేనన్న మాట.

1995 సెప్టెంబరు 21, వినాయకుడు పాలు తాగిన రోజు. కొనుగోలుదారు ఖాయం కాబట్టి డెయిరీ లోన్లకు ఇంతకంటే మంచి టై-అప్ ఉండదు. 2001 మే నెలలో కోతిమనిషి. చూశామన్న ప్రతివాళ్లూ ఒక్కో ఎత్తు చెప్పారు, ఒకరు హెల్మెట్ ఉందన్నారు. అతనికి కేవైసీ చేయాల్సివస్తే ఏ ఫోటో అంటించాలి, చిరునామా దగ్గర ఎవరి డాబా రాయాలి?

ఆఖరి పొర పరిచింది కాదు, మడిచింది. 2016 నవంబరు 10 నాటి హిందీ పేపరు. లోపల తొమ్మిది పాత 500 నోట్లు, "పాప చదువుకు" అని రాసిన చీటీ. నాన్న పోయాక 2008లో అమ్మ మా దగ్గరకు వచ్చింది. ప్రతి ఉగాదికీ నేను చేతిలో పెట్టిన నోటు, తొమ్మిది ఉగాదులు.

అమ్మకు హిందీ రాదు. ఆ రోజుల్లో నేను అర్ధరాత్రి ఇల్లు చేరేవాణ్ని. ఒకరోజు పేపరు పట్టుకుని, "ఈ ఫోటోల గింతమంది లైన్ కట్టిండ్రేంది బిడ్డా?" అని అడిగింది. "ఏదో లైను, పడుకో అమ్మా" అన్నాను. పగలంతా కౌంటర్లో వందలమందికి చెప్పిన ముక్క ఇంట్లో చెప్పలేదు. 2018లో అమ్మ పోయింది.

పది నోట్లకు మించి ఉంచుకుంటే 2017 చట్టం ప్రకారం నేరం. అమ్మ తొమ్మిది దగ్గర ఆపింది కాబట్టి మీ ముందు ధైర్యంగా చెబుతున్నాను.

ఆ రాత్రి నేను వార్త చదివి వినిపించి ఉంటే ఏమయ్యేది? ఆ రోజుల్లో మార్పిడి పరిమితిని 4000 నుంచి 4500కి పెంచారు. సరిగ్గా తొమ్మిది నోట్లు. అమ్మ నా కౌంటరు ముందు లైన్లో నిలబడేది. కొడుకు బ్యాంకే కదా అని ముందుకొచ్చేది. నేను ఆధార్ అడిగేవాణ్ని, ఆవిడ నన్ను తిట్టేది. వేలికి సిరా పెట్టించుకుని, ఓటేసొచ్చానని అపార్ట్‌మెంట్ అంతా చూపించేది. రెండు గులాబీ 2000 నోట్లు, ఐదు వందలు తీసుకుని, మళ్లీ పేపర్లో మడిచి పెట్టెలో పెట్టేది. 2023 మే 19న ఆ గులాబీ నోట్లనూ వెనక్కి తీసుకుంటున్నామన్నారు.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. నోట్లు మళ్లీ ఆ పేపర్లోనే మడుస్తూ అడిగింది: "అప్పుడు మాత్రం మీరు చెప్పేవారా?"