ఆలిచిప్పల వృత్తియు, మన వంటయు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను పండితుడను గాను. పులికాటు సరస్సు తీరమున, చిప్పలేరుకొని బ్రతికిన కుటుంబమున పుట్టినవాడను. ఆ వృత్తిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనుటకు సభవారు అనుజ్ఞ యిచ్చినందులకు కృతజ్ఞుడను.

మా యింట మగవారు ఆటుపోట్లు చూచి, నీట దిగి చిప్పలు తెచ్చెడివారు. మా అవ్వ వానిని తేట ఉప్పునీటి తొట్టిలో ఒక రాత్రి యుంచి బురద కక్కించెడిది. తట్టినను నోరు మూయని చిప్పను చచ్చినదని పారవైచి, తక్కినవానిని ఆవిరిపై ఉడికించి, మాంసము నొలిచి, చింతపండు పులుసు పెట్టెడిది. ఒకనాడు నేనా కూరను బడికి గొనిపోగా తోడిపిల్లలు నవ్విరి. నాటినుండి నేను దానిని ముట్టనైతిని. అవ్వ యేమియు ననలేదు. పులుసు పెట్టుట మాత్రము మానినది. ఆమె పోయిన పిదప మా యింట చిప్ప యనగా సున్నపుబట్టీ సరకు మాత్రమే యైనది. ఆ దోషము నాది.

మనము చిన్నచూపు చూచినదానిని ఇతరులు ఆదరించిరి. మద్రాసు మత్స్యశాఖకు చెందిన జేమ్సు హార్నెల్ గారు ఫ్రాన్సు దేశపు ఆర్కషోను తీరమునందలి చిప్పల సాగునుండి మనదేశము నేర్వదగిన పాఠములను 1910లో ప్రకటించిరి. 20వ శతాబ్దపు తొలినాళ్లలో పులికాటునందే ప్రభుత్వమువారు ఆ సాగును ప్రయత్నించిరి. తరువాత కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కేరళమందలి అష్టముడి సరస్సున 1995 ప్రాంతమున దానిని గ్రామస్థులకు నేర్పిరి. ఖాళీ చిప్పలను త్రాళ్లకు గ్రుచ్చి, పాతిన గుంజలకు కట్టిన పందిరినుండి నీట వ్రేలాడదీయుదురు. చలికాలారంభమున పిల్లచిప్పలు వానికి అంటుకొనును. వానలకు నీటి యుప్పదనము తగ్గును గనుక, మే నెలలోపల పంట తీయుదురు. మేత కొనవలసిన పనిలేదు; నీటియందలి సూక్ష్మజీవులే వాని యాహారము. అచ్చటి స్త్రీల సంఘములు పెక్కు ఈ పనివలన ఆదాయము బొందినవి.

ఐనను ఒక హెచ్చరిక. చిప్ప నీటిని వడగట్టి జీవించును. మురుగు కలిసినచో ఆ మాలిన్యము దాని మాంసమున జేరును. అవ్వ తొట్టి బురదను కక్కించునే గాని రోగబీజముల నన్నిటిని పోగొట్టజాలదు. కావున వంటను కాపాడవలెనన్న ముందుగా సరస్సును కాపాడవలయును; నీటిని పరీక్షింపించి, చిప్పలను శుద్ధిచేసి, బాగుగా నుడికించియే అమ్మవలయును.

నా మనవి రెండు. మన వృద్ధస్త్రీలు జీవించియుండగనే వారి వంటవిధానములను సంఘమువారు వ్రాయించి ముద్రింపవలయును. ధనవంతులగు పోషకులు ఆసక్తిగల ఒక్క కుటుంబమునకైనను ఈ సాగును నేర్పించి, తొలి పెట్టుబడి నొసంగవలయును.

వచ్చు మహాసభ భోజనపంక్తిలో ఆ పులుసు వడ్డింపబడినచో, మా అవ్వకు నేను పడిన ఋణము కొంతైన దీరునని విన్నవించుచు, విరమించుచున్నాను.